‘ఆస్తిపై నిధుల సమీకరణ’ అనవచ్చా?

సందేహం: మా పంచాయతీ భవనంలోనూ సంత స్థలంలోనూ పార్టీలవాళ్లు చందాలు వసూలు చేయకుండా తీర్మానం పెట్టాలని సభ్యులు అనుకున్నారు. ఇంగ్లీషులో ఉన్న ఒక నమూనా చూసి నేను ఇలా రాశాను: ‘స్థానిక ప్రభుత్వ ఆస్తిపై రాజకీయ నిధుల సమీకరణ నిషేధించబడినది.’ ‘ఆస్తిపై’ తప్పని ఒక సభ్యుడు అన్నారు. ‘నిషేధించబడినది’ అసలు తెలుగే కాదని ఇంకొకరు అన్నారు. నిధులు, విరాళాలు, చందాలు – వీటిలో ఏది రాయాలి? – ఒక పాఠకుడు, రాయదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా

సమాధానం: ‘ఆస్తిపై’ అన్నచోట ఆగిన ఆ సభ్యుడికి నా అభినందనలు చెప్పండి. ఆయన పట్టుకున్నది అసలైన తప్పు. తెలుగులో డబ్బు సంగతి వచ్చినచోట ఆస్తికి ‘పై’గానీ ‘మీద’గానీ చేరిందంటే అర్థం తాకట్టువైపు పోతుంది. ఇంటిమీద అప్పు తెచ్చాడు, పొలంమీద లోను తీసుకున్నాడు, బంగారం మీద ఎంత ఇస్తారు – మన మాటల తీరు ఇది. మీ వాక్యం చదివిన రైతుకు, పంచాయతీ ఆస్తిని కుదువ పెట్టి పార్టీకి డబ్బు తేకూడదని చెబుతున్నట్టు తోస్తుంది. ఆ పని కూడా చేయకూడనిదే గానీ మీరు చెప్పదలచుకున్నది అది కాదు కదా. ‘పై’ తీసేసి ‘ఆస్తిలో’ అని రాసినా కుదరదు. ఆస్తిలో అనగానే వాటా గుర్తుకొస్తుంది. ఇంగ్లీషువాళ్లకు ఇల్లు, స్థలం, బండి అన్నిటికీ సరిపోయే ఒక్క మాట ఉంది కాబట్టి వాళ్లు దానితో పని కానిచ్చారు. మనం ఆ చోట్లను విడివిడిగా చెప్పాలి: భవనాల్లో, ఆవరణల్లో, సంత స్థలంలో, వాహనాల్లో. వాక్యం కాస్త పొడుగవుతుంది, అవనివ్వండి.

‘స్థానిక ప్రభుత్వ’ అన్నదానిలోనూ చిక్కుంది. స్థానిక ప్రభుత్వానికి చెందిన ఆస్తి అనుకోవాలా, స్థానికంగా ఉన్న ప్రభుత్వ ఆస్తి అనుకోవాలా? కర్నూలు పెద్దాసుపత్రి ఊళ్లోనే ఉంది, ప్రభుత్వానిదే, కానీ మున్సిపల్ కార్పొరేషన్‌ది కాదు. ఆర్టీసీ బస్టాండూ అంతే. పంచాయతీ తనది కాని చోటుకు తీర్మానం రాసుకుంటే ఉపయోగం లేదు. జనానికీ పత్రికలకూ అలవాటైన మాట ‘స్థానిక సంస్థలు’. మీది ఒక్క పంచాయతీ తీర్మానం కాబట్టి అదీ అక్కర్లేదు, ‘పంచాయతీకి చెందిన’ అంటే చాలు.

ఇక డబ్బుకు వాడే మాటలు. మీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా కనిపించింది ఇదే. విరాళం అంటే ఇచ్చేవాడు తన మనసుతో తనకు తోచినంత ఇచ్చేది. అందులో పెద్దరికం ఉంటుంది, శిలాఫలకం మీద పేరు పడుతుంది. చందా అంటే పదిమందీ తలా కొంత వేసుకునేది. గుడికైనా పీర్ల పండక్కైనా మన ఊళ్లలో చందాలే ఎత్తుతారు. పత్రికకు ఏడాదికోసారి కట్టేదీ చందాయే, సంఘానికి సభ్యుడు కట్టేదీ చందాయే. మీరు ‘విరాళాలు’ అని మాత్రమే రాస్తే, పంచాయతీ వరండాలో బల్ల వేసుకుని సభ్యత్వం నమోదు చేసే పార్టీ కార్యకర్త ‘ఇది విరాళం కాదు సార్, సభ్యత్వ రుసుము’ అంటాడు. మాట ప్రకారం చూస్తే అతను చెప్పింది తప్పు కాదు. ‘చందా’ అని రాస్తే అతనికి ఆ దారి ఉండదు. అయినా తీర్మానంలో చందా, విరాళం, సభ్యత్వ రుసుము అని మూడు మాటలూ వేయమనే నా సలహా. ‘నిధులు’ మాత్రం వద్దు. పంచాయతీ కాగితాల్లో నిధులంటే పైనుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులో, ఉపాధి హామీ నిధులో అనుకుంటారు. ‘సమీకరణ’ కూడా ఇక్కడ నప్పదు. సమం చేయడం అన్నది దాని మూలార్థం. పత్రికలవాళ్లు జనసమీకరణ, నిధుల సమీకరణ అని రాసి రాసి దానికి పోగుచేయడం అనే అర్థం తెచ్చారు. పోగుచేయడానికి ‘సేకరణ’ అన్న మాట ఉండనే ఉంది.

ఈ మాటల్లో ‘వసూలు’ను విడిగా చూడాలి. వసూలు చేసేది రావలసిన బాకీని. ఇంటి పన్ను వసూలు చేస్తారు, కొళాయి పన్ను వసూలు చేస్తారు, సంతలో గేటు వసూలు చేస్తారు. కట్టకపోతే నోటీసు వస్తుందని జనానికి తెలుసు. పన్ను కట్టించుకునే భవనంలోనే, ఆ కిటికీకి నాలుగడుగుల దూరంలో, ఇంకొకరు రసీదు పుస్తకం పట్టుకుని పార్టీ పేరు చెప్పి డబ్బు అడిగితే, చదువు రాని ముసలమ్మ ఏది కట్టి తీరాలో, ఏది ఇష్టమైతే ఇవ్వాలో ఎలా తేల్చుకుంటుంది? ఇవ్వకపోతే తన పింఛను కాగితం ఆగుతుందేమోనన్న భయం ఉండదా? ఆమెను ఆ టెన్షన్‌లో పెట్టకూడదనేదే మీ తీర్మానానికి కారణమని నా నమ్మకం. అందుకే పార్టీ డబ్బుకు ‘వసూలు’ అన్న క్రియ మీ కాగితంలో కనిపించకూడదు. ఆ మాట వేస్తే అది కూడా బాకీ లాంటిదేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. దేశం చట్టం కూడా ఇవ్వడంలో ఇష్టాన్నే చూస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29బి సెక్షన్ ప్రకారం పార్టీలు స్వచ్ఛందంగా ఇచ్చిన సొమ్మును తీసుకోవచ్చు, ప్రభుత్వ కంపెనీల నుంచి మాత్రం తీసుకోకూడదు. (స్వచ్ఛందంలో ఛకు ఒత్తు ఉండాలి, ‘స్వచ్చందం’ అని రాయకండి. ఆ ‘ఛంద’ సంస్కృతం, మన ‘చందా’ పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. రెంటికీ చుట్టరికం లేదు.)

క్రియ ఏది వేయాలి మరి? సేకరణను నిషేధిస్తున్నాం అంటే డబ్బు చేతికి వచ్చిన తర్వాతే తప్పు జరిగినట్టు. అడిగి ఊరుకున్నవాడు, గోడకు ఫోన్‌పే స్కానర్ అంటించి వెళ్లినవాడు దానికింద రారు. అమెరికాలో 1883లో పెండిల్టన్ చట్టం చేసినవాళ్లు ఈ సంగతి గమనించారు. అంతకుముందు అక్కడ ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లోంచి పార్టీలు వాటా రాబట్టేవి. ప్రభుత్వ ఉద్యోగులు పనిచేసే గదిలోగానీ భవనంలోగానీ రాజకీయాల కోసం డబ్బు అడగకూడదు, తీసుకోకూడదు అని రెండు క్రియలు పెట్టి ఆ చట్టం రాశారు. మనకూ ఆ రెండూ కావాలి. అడగడం, తీసుకోవడం. రెండూ పసిపిల్లలకు కూడా తెలిసిన మాటలే.

‘నిషేధించబడినది’ తెలుగు కాదని తీసిపారేయలేం. భయపడు, కనబడు, వినబడు అని రోజూ అంటూనే ఉన్నాం. అయితే ‘చేయబడినది, ఇవ్వబడినది, నిషేధించబడినది’ వరుస ఆఫీసు ఇంగ్లీషు నీడలో పెరిగింది. దానితో ఉన్న ఇబ్బంది వ్యాకరణానిది కాదు, ఎవరు చేయకూడదో చెప్పకుండా తప్పించుకోవడంలో ఉంది. కడప జిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం దాదాపు 575 నాటిదంటారు, మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం. ఆ రేనాటి సీమ దాన శాసనాల చివర చూడండి, ఈ దానానికి కీడు చేసినవాడు మహాపాతకుడు అవుతాడని మనిషిని చూపించి చెబుతారు. మన సీమలో ఆజ్ఞలు రాసిన పద్ధతి అది. మీరూ ‘ఎవరూ’ అని కర్తను పెట్టండి. అలాగే ‘నిషేధం’ నామవాచకం, ‘ధూమపానం నిషేధం’ అని బోర్డుల మీద రాయడం పొరపాటు, ‘నిషిద్ధం’ అనాలి. మీకు ఆ రెండూ అవసరం రావు.

ఇంకొక్క సంగతి. మన గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ‘రాజకీయ పార్టీ’ అని మాత్రమే రాస్తే సర్పంచి అభ్యర్థి కోసం అడిగేవాడికి అది తగలదు. కాబట్టి తీర్మానం ఇలా ఉండవచ్చు:

‘మన పంచాయతీకి చెందిన భవనాల్లో, వాటి ఆవరణల్లో, సంత స్థలంలో, వాహనాల్లో ఏ రాజకీయ పార్టీ కోసం గానీ, ఏ ఎన్నికలోనైనా ఏ అభ్యర్థి కోసం గానీ ఎవరూ చందా, విరాళం, సభ్యత్వ రుసుము అడగకూడదు, తీసుకోకూడదు. ఆ చోటును సభకు అద్దెకు ఇచ్చిన రోజున కూడా ఇదే వర్తిస్తుంది.’

రెండో వాక్యం ఉంచాలా వద్దా అన్నది మీ సభ్యులు తేల్చుకోవలసింది. ఉంచకపోతే మాత్రం, అద్దె కట్టాం కాబట్టి ఆ పూట హాలు మాదే అనే వాదన తప్పకుండా వస్తుంది.

గోడమీద బోర్డుకు ఇంత వద్దు. ‘ఇక్కడ పార్టీ చందాలు అడగరాదు, తీసుకోరాదు’ అంటే సరిపోతుంది. ‘పోస్టర్లు అంటించరాదు’ చదివి అలవాటైన కళ్లకు అది వెంటనే అందుతుంది. ‘రాజకీయ’ కన్నా ‘పార్టీ’ అనడమే మేలు, జనం నోట్లో ఉన్నది పార్టీ ఫండు, పార్టీ చందా. కింద ఉర్దూలో కూడా రాయించేట్టయితే ‘చందా’నే ఉంచమనండి, అక్కడా అదే మాట.