నాన్న ఇంకా గెలుపు లెక్కలే వేస్తున్నారు

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. నాన్న 2001లో ఎంపీపీ అయ్యారు. తర్వాత ఎన్నిసార్లు తిరిగినా పార్టీ టికెట్ ఇవ్వలేదు. 2024లో ఎమ్మెల్యేకి రెబెల్‌గా నిలబడితే డిపాజిట్ పోయింది. అమ్మ పోయాక బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున్నే ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని హాల్లో కూర్చుంటారు. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి విజిటర్ల రిజిస్టర్‌లో పేరు రాయమన్న రోజు అన్నం ముట్టలేదు. ఇప్పుడు స్థానిక ఎన్నికల్లో దిగుతానని, మా ఫ్లాట్ మీద లోన్ తీసి ఇమ్మని అడుగుతున్నారు. ‘సంజీవరెడ్డి ఓడిపోయి మళ్లీ రాష్ట్రపతి కాలేదా?’ అంటారు. మావారు ఆయనతో మాట్లాడటమే మానేశారు. నొప్పించకుండా ఎలా ఆపాలి?

జవాబు: నొప్పించకుండా ఆపలేరమ్మా. డబ్బు మాట దగ్గర ఆయన మనసు కష్టపడుతుంది. అదేదో ఇప్పుడే అయిపోనివ్వండి, నామినేషన్ల ముందు రోజు దాకా నాన్చొద్దు. ‘చూద్దాం నాన్నా’ అని మీరు అన్న ప్రతిసారీ ఆయన దాన్ని ‘సరే’ కిందే రాసుకుంటారు. పాతికేళ్లు రాజకీయాల్లో తిరిగిన మనిషికి ‘చూద్దాం’ అంటే ఆశే. ‘ఇల్లు మా ఇద్దరిదీ. తాకట్టు పెట్టం, హామీ సంతకం పెట్టం’ అని మీ నోటితోనే చెప్పండి, అల్లుడి మీదికి తొయ్యకండి. హామీ సంతకం ఒట్టి మాటసాయం కాదు. అప్పు తీర్చకపోతే బ్యాంకు నేరుగా మీ దగ్గరికే రావచ్చు.

సంజీవరెడ్డి గారి సంగతి. నాన్నగారు చెప్పింది నిజమే, కానీ మధ్యలో కొన్నేళ్లు దాటేశారు. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి చేతిలో ఓడారు, 1971లో లోక్‌సభకూ ఓడారు. ఆ తర్వాత అనంతపురం జిల్లాలో సొంతూరు ఇల్లూరు వెళ్లి సేద్యం చేసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి గెలిచారు, ఆంధ్రప్రదేశ్ మొత్తంలో జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు అది. ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. పదవి లేని ఆ ఏళ్లలో ఏం చేశారో, ఎలా గడిపారో నాన్నగారినే అడగండి. వాదన కోసం కాదు, వినడానికి. ఆ తరం నాయకుల కథలు ఆయనకు మీకంటే నాకంటే బాగా తెలిసి ఉంటాయి. ఓడిన రోజుల గురించి ఆయన మీ దగ్గర ఎప్పుడైనా నోరు విప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

డిపాజిట్ పోయిందని ఎత్తిపొడవొద్దు. ఆరో వంతు ఓట్లు రాకపోవడమంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మీ ఉత్తరం చివర రెండు లైన్లలో రాసి వదిలేసిన విషయం ఒకటుంది, పైన అచ్చులో అది రాలేదు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ మడకశిర వైపు మనిషి. వాళ్లమ్మకు పింఛను ఆగిపోతే నాన్నగారు ఊళ్లో ఎవరికో ఫోన్ చేశారు, ఏ కాగితం తగ్గిందో కనుక్కున్నారు, అర్జీ తన చేత్తోనే రాసిచ్చారు. ఆ రెండు రోజులూ టీవీ కూడా పెట్టలేదన్నారు కదా. నాకైతే అక్కడే మనిషి కనబడ్డాడు. ఆయన పోగొట్టుకున్నది కుర్చీ ఒక్కటే కాదు, పొద్దున్నే గుమ్మం ముందు అర్జీ పట్టుకుని నిలబడే మనుషులు కూడా. బెంగళూరులో మనవైపు నుంచి పనికి వచ్చినవాళ్లకు కొదవ లేదు. రేషన్ కార్డనీ, పట్టాదారు పాసుపుస్తకమనీ, పేరులో అక్షరం తప్పనీ ఏదో ఒక తిప్పలు ఉంటూనే ఉంటాయి. ఆదివారం పూట కింద సిమెంటు బెంచీ మీద ఆయన్ని కూర్చోనివ్వండి, ఆ పనావిడకు చెబితే చాలు, నలుగురూ వస్తారు. వచ్చినవాళ్లకు టీ మీ ఇంటి నుంచే వెళ్లాలి. ఆ ఖర్చు మీరు భరించవచ్చు.

నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం వారాల తరబడి ఉన్నా, ‘బతికి ఏం లాభం’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయొద్దు. మీ బెంగళూరులోనే మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీవారితో ఒక మాట. ఆయన కోపం డబ్బు మీద అయితే, మీరు గట్టిగా కాదన్నాక ఆ కోపానికి పని లేదు. రాత్రి భోజనానికి మామగారి పక్కన కూర్చోమనండి.

ఇంకొకటి, ఇది రేపే చేయొచ్చు. అపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్లి నాన్నగారి పేరు విజిటర్లలో తీయించి, మీ ఫ్లాట్ నంబరు కింద ఇంటివాళ్ల జాబితాలో రాయించండి.