జాబితా చివర్లో ఉన్నా 34 శాతం ఎందుకొచ్చింది?

ప్రశ్న: ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. థీసిస్ డ్రాఫ్టు తనిఖీ చేయిస్తే సిమిలారిటీ (ఇతరుల రచనలతో పోలిక) 34 శాతం వచ్చింది. వాడిన పేపర్లన్నీ చివర్లో రిఫరెన్సుల్లో ఇచ్చాను. పదాలు మార్చి రాస్తే తగ్గుతుందని స్నేహితులు అంటున్నారు. తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఏం చేయాలి?
– ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: చివర్లో జాబితా ఇస్తే మీరు ఏమేం చదివారో తెలుస్తుంది. ఏ వాక్యం ఎవరిదో తెలియదు. సైటేషన్ (రాసిన చోటే మూలం చూపడం) పని ఆ రెండోది చెప్పడం. అందుకే అరువు తెచ్చుకున్న ప్రతి విషయం పక్కనే, వాక్యం ముగియకముందే, [7] లాంటి నంబరు ఉండాలి. పేరా మొత్తం ఒకే పేపర్ నుంచి తీసుకుని చివర ఒక్క నంబరు తగిలిస్తే, మధ్య వాక్యాలు మీవే అనుకుంటారు చదివేవాళ్లు.

ముందు ఆ రిపోర్టు తెరిచి చూడండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, మూలం చెప్పి ఇచ్చిన కొటేషన్లు, ప్రామాణిక సమీకరణాలు సిమిలారిటీ లెక్కలోకి రావు. తనిఖీ చేసినవాళ్లు ఈ మినహాయింపులు పెట్టకపోతే అంకె ఊరికే పెరిగిపోతుంది. అవి తీసేశాక మిగిలిందే అసలు సమస్య. అదే నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే, గరిష్ఠంగా 6 నెలల గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మీది ఇంకా డ్రాఫ్టే కాబట్టి సరిదిద్దుకునే అవకాశం చేతిలోనే ఉంది.

పదాలు మార్చే సలహా మాత్రం దయచేసి వినకండి. అలా యంత్రంతో మార్పించిన పేపర్లలో ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయిపోయింది. ఇలాంటి వింత పదబంధాలను పరిశోధకులు 2021లో బయటపెట్టాక చాలా పేపర్లను జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి. పైగా పదాలు మారినా ఆలోచన వేరేవాళ్లదే కాబట్టి మూలం చెప్పకపోతే అది చౌర్యమే.

సరైన పద్ధతికి టైమ్ పడుతుంది, కానీ పని చేస్తుంది. పేపర్‌లో ఆ భాగం చదివి, ఫైల్ మూసేసి, అర్థమైనది మీ మాటల్లో రెండు మూడు వాక్యాలు రాయండి. మళ్లీ తెరిచి, అంకెలు, పేర్లు సరిపోయాయో చూసి నంబరు వేయండి. మీ రంగంలో నేరుగా కొటేషన్ అవసరం చాలా తక్కువ. నిర్వచనాల దగ్గర ఒకటి రెండు చాలు. బొమ్మను తిరిగి గీసినా కింద మూలం రాయాలి. ఉన్నదున్నట్టు వాడిన బొమ్మతో పేపర్ ప్రచురించాలంటే సాధారణంగా ప్రచురణకర్త అనుమతి కూడా కావాలి. డేటాసెట్‌కూ సైటేషన్ ఇవ్వాలి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

ఇక జాబితా సంగతి. ఇంజినీరింగ్ పేపర్లలో ఎక్కువగా వాడే ఐఈఈఈ శైలిలో అక్షరక్రమం ఉండదు, థీసిస్‌లో మొదట కనిపించిన పేపర్ [1] అవుతుంది. రచయితలు ఆరుగురి దాకా ఉంటే అందరి పేర్లూ, అంతకు మించితే మొదటి పేరు, తర్వాత ‘ఎట్ ఆల్’ (తదితరులు). గూగుల్ స్కాలర్‌లో ‘సైట్’ నొక్కి వచ్చినది యథాతథంగా అతికించకండి. ఒక్కోసారి అది ప్రచురితమైన పేపర్‌కు బదులు, ప్రచురణకు ముందే పేపర్లు పెట్టే ఆర్‌కైవ్ (arXiv) సైట్‌లోని ప్రతిని చూపిస్తుంది. బొమ్మలను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్‌పై మీరందరూ వాడే రెస్‌నెట్ పేపర్ ఆర్‌కైవ్‌లోకి వచ్చింది 2015 డిసెంబరులో, సీవీపీఆర్ అనే కంప్యూటర్ విజన్ సదస్సులో ప్రచురితమైంది 2016లో, పేజీలు 770–778. ఇవ్వాల్సింది ఈ రెండోదే.

మన పేర్లతో మరో చిక్కు. ఇంటిపేరు ముందుండే తెలుగు పేర్లలో చివరి మాటే ఇంటిపేరని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. అందువల్ల ఒకే రచయిత రెండు రకాలుగా కనిపిస్తారు. ఊహించి మార్చకండి, పేపర్ మొదటి పేజీలోనూ డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రికార్డులోనూ ఎలా ఉందో చూసి రాయండి.

నంబర్లు చేత్తో వేయడం మానేయండి. మధ్యలో ఒక పేపర్ చేర్చగానే తర్వాతి నంబర్లన్నీ మారిపోతాయి. ఉచితంగా దొరికే జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్ వర్డ్‌లో ఆ పని తనే చూసుకుంటుంది. తప్పు కనిపిస్తే వర్డ్‌లో కాదు, జొటెరో లైబ్రరీలోనే దిద్దండి, లేకపోతే రిఫ్రెష్ చేయగానే పాత తప్పే తిరిగి వస్తుంది. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులుంటే ఒక్కొక్కటి డీఓఐ తెరిచి చూడండి. లేని పేపర్లకు కూడా అవి నమ్మించేలా శీర్షికలు అల్లుతాయి.

ఈ వారం లిటరేచర్ రివ్యూ (పాత పరిశోధనల సమీక్ష) అధ్యాయం ఒక్కటే పట్టుకోండి. వేరేవాళ్ల మాటలు ఎక్కువగా చేరేది అక్కడే. అది తిరిగి రాశాక, మినహాయింపులు పెట్టించి మళ్లీ తనిఖీ చేయించండి. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు రెండూ మీ గైడ్‌కు చూపించండి.