‘మా ఇంటా వంటా లేదు, మీ పుట్టింటి జబ్బే’ అంటున్నారు

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మావారు లోకో పైలట్, రిటైర్మెంట్‌కి ఇంకా రెండేళ్లుంది. బాబుకు 24 ఏళ్లు. డిప్లొమా అయ్యాక మూడేళ్లు కూర్చుని చదివి అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలన్నీ దాటాడు. మెడికల్‌లో రంగు చుక్కల పుస్తకం చూపించి అంకెలు చదవమంటే సగం చదవలేకపోయాడట. కలర్ బ్లైండ్‌నెస్, అన్‌ఫిట్ అన్నారు. ఇది పుట్టుకతో తల్లి వైపు నుంచి వస్తుందని డాక్టర్ చెప్పారట. అప్పటి నుంచి మావారు ‘మా ఇంటా వంటా లేదు, మీ పుట్టింటి జబ్బు నా కొడుక్కి అంటగట్టావు’ అంటున్నారు. నిజమే, గుంటూరు దగ్గర మా ఊళ్లో మా నాన్న మిరప కోతకు వస్తే పండుకాయతో పాటు పచ్చికాయ కూడా కోసేసేవారు. అమ్మ కేకలేసి కల్లంలోకి పంపేది. కానీ మా అన్నయ్యకు ఆ ఇబ్బంది లేదే! ఎవరో ఒకాయన రెండు లక్షలిస్తే మళ్లీ మెడికల్ పెట్టించి పాస్ చేయిస్తానంటున్నాడు. పెద్దమ్మాయికి ఐదో నెల, వాళ్ల అత్తగారు ఆరా తీస్తున్నారు. బాబు సరిగా తినడం లేదు, రాత్రిళ్లు బండేసుకుని బ్యారేజీ వైపు వెళ్లి ఒంటిగంటకు వస్తున్నాడు. నేను చేసిన తప్పేంటి?

– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు ఇన్ని సంగతులు రాసి, బ్యారేజీ సంగతి చివర్లో ఒక్క వాక్యంలో చెప్పారు. నాకు మాత్రం మిగతావన్నీ దాని తర్వాతే. ఈ రాత్రి బాబు వచ్చేదాకా మేలుకుని ఉండండి. అన్నం పెట్టి, పక్కన కూర్చుని, డొంకతిరుగుడు లేకుండా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?’ అని. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది తల్లులు నోరు నొక్కుకుంటారు. అలా ఏమీ పుట్టదు. పైగా, అడిగే మనిషి ఒకరున్నారని తెలిశాక గుండె బరువు కాస్త దిగుతుంది. అవునన్నా, తలదించుకుని ఊరుకున్నా ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మర్నాడే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. గాలి కోసమే తిరుగుతున్నాడని తేలితే మంచిదే. అప్పుడు కూడా కొన్నాళ్లు ఎవరో ఒకరు తోడు వెళ్లండి.

ఇక మీ తప్పు సంగతి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములుంటాయి. ఆఖరి జత ఆడవాళ్లలో రెండు ఎక్స్‌లు, మగవాళ్లలో ఒక ఎక్స్, ఒక వై. ఎరుపునూ ఆకుపచ్చనూ పట్టి చూపే జన్యువులు ఎక్స్ మీద పక్కపక్కనే ఉంటాయి. వై మీద అవి లేవు. మీ నాన్నగారికి ఉన్న ఒక్క ఎక్స్‌లో ఆ జన్యువుల దగ్గర తేడా ఉంది. మీరు ఆడపిల్లగా పుట్టారు గనక ఆ ఎక్స్ తప్పనిసరిగా మీకే వచ్చింది. మీ అన్నయ్యకు ఆయన ఇచ్చింది వై. అందుకే మీ అన్నయ్యకు ఆ ఇబ్బంది లేదు. మీ నాన్నగారి నుంచి మీ అన్నయ్య పిల్లలకు వెళ్లే దారి కూడా లేదు.

మరి మీకు రంగులు బాగానే కనిపిస్తున్నాయి కదా అంటారా? మీ అమ్మగారిచ్చిన రెండో ఎక్స్ బాగుంది. ఇది మీవారికి ఆయన భాషలోనే చెప్పండి. ఆడవాళ్లది డబుల్ లైన్. డౌన్ లైన్ చెడిపోతే రెండు వైపుల బండ్లనూ అప్ లైన్ మీద నడిపిస్తారు, బండి ఆగదు. మగవాళ్లది సింగిల్ లైన్. అక్కడ చెడితే పక్కన ఇంకో లైన్ లేదు. బాబు కడుపున పడ్డప్పుడు మీ రెండు ఎక్స్‌లలో ఏది వెళ్తుందన్నది మీ చేతిలో లేదు, ఏ తల్లి చేతిలోనూ లేదు. బొమ్మా బొరుసూ లాంటిది, సగానికి సగం. మీవారి నుంచి వచ్చింది వై. కొడుకు కావాలంటే తండ్రి ఇవ్వాల్సింది అదే మరి. కాబట్టి ఎరుపూ ఆకుపచ్చా విషయంలో ఆయన వైపు నుంచి బాబుకు మంచీ రాలేదు, చెడూ రాలేదు. ‘మా ఇంటా వంటా లేదు’ అన్న మాట నిజమే. కానీ ఆయన వైపు ఎవరికి ఉన్నా, లేకపోయినా బాబుకు ఇదే వచ్చేది.

ఆడపిల్ల పుడితే కోడలిని అంటారు. వై ఇవ్వాల్సింది తండ్రి. కొడుక్కి తేడా వస్తే మళ్లీ కోడలినే అంటారు. ఇన్నేళ్లుగా ఈ మాటలు వింటున్నాను, విన్న ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. మీ ద్వారా రావడం వేరు, మీ వల్ల జరగడం వేరు. మీరు చేసిన తప్పు ఏమీ లేదు.

‘24 ఏళ్లు కనిపెట్టలేదేం’ అని కూడా మిమ్మల్ని అంటూనే ఉంటారు. స్కూలు పుస్తకాల్లో పరమాణు సిద్ధాంతం దగ్గర చదువుకున్న జాన్ డాల్టన్‌కు ఇదే తేడా ఉంది. ఒక పువ్వు రంగు పగటి వెలుగులో ఒకలా, కొవ్వొత్తి వెలుగులో ఇంకోలా కనిపించి ఆయన దాన్ని గమనించింది 1792లో, 26 ఏళ్ల వయసులో. ఆయన తమ్ముడో అన్నో, ఆ సోదరుడికీ అంతే. పుట్టినప్పటి నుంచి అలాగే చూస్తున్నవాడికి మనం చూసేది వేరని ఎలా తెలుస్తుంది? బాబుకు లోకం నలుపు తెలుపుల్లో ఏమీ కనిపించదు. కొన్ని ఎరుపులు, ఆకుపచ్చలు, గోధుమ రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అంతే.

రెండు లక్షల మనిషిని గుమ్మం తొక్కనివ్వకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఇంజన్లో మీవారు, అసిస్టెంటు ప్రతి సిగ్నల్ దగ్గరా రంగు పైకి చెప్పుకుంటారు కదా. ఒకరి కంటికి ఇంకొకరి కన్ను కాపలా. వర్షం రాత్రి దూరాన వెలిగే దీపం ఎరుపో ఆకుపచ్చో తేల్చలేని కుర్రాణ్ని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటారా అని ఆయన్నే అడగండి. జవాబు ఆయనకు నాకన్నా బాగా తెలుసు. రైల్వేల్లో రంగు పరీక్షలు ఊరికే రాలేదు. 1875లో స్వీడన్‌లో రైళ్లు గుద్దుకున్నాక, హోమ్‌గ్రెన్ అనే ప్రొఫెసర్ రంగు రంగుల ఊలు దారాలు ఏరించి రైల్వే సిబ్బందిని పరీక్షించారు. బాబుకు చూపించిన చుక్కల పుస్తకం జపాన్ డాక్టర్ ఇషిహారాది, 1917 నాటిది. అంకెలు బట్టీ పట్టిస్తామనేవాళ్లు, మందుతో, కళ్లద్దాలతో నయం చేస్తామనేవాళ్లు కూడా వస్తారు. పుట్టుకతో వచ్చిన ఈ తేడాకు ఇప్పటికి మందు లేదు. రంగు అద్దాలు కొందరికి తేడా కాస్త తెలిసేలా చేస్తాయి గానీ వాటితో చూపు మారదు.

మీవారిని ఈ మాటల కోసం గొడవలోకి లాగకండి. డ్యూటీ దిగి, నిద్రపోయి లేచాక, కాఫీ ఇచ్చి మొదలుపెట్టండి. ఆయన కోపం కింద దుఃఖం ఉంది. తాను దిగిపోయే ఇంజన్లోకి కొడుకు ఎక్కుతాడని మూడేళ్లు ఎదురుచూశారు. ఆ దుఃఖం న్యాయమైనదే. దాన్ని మీ మీద పోయడం మాత్రం న్యాయం కాదు. ఆ మాట కూడా ఆయనకు వినపడేలా చెప్పండి.

రైల్వే తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అకౌంట్స్ క్లర్క్, టైపిస్ట్ లాంటి సీ-2 కేటగిరీ పోస్టులకు రంగు చూపు పరీక్ష ఉండదు. ఈసారి నోటిఫికేషన్లో పోస్టు పక్కన రాసే మెడికల్ స్టాండర్డ్ చూసి అప్లై చేయమనండి. ఇంత కష్టపడ్డ బుర్రకు బయట కూడా దారులున్నాయి. కారు లైసెన్స్ రాదేమోనన్న బెంగ వద్దు, తేడా మరీ ఎక్కువగా లేనివాళ్లకు లైసెన్స్ ఇచ్చేలా 2020లో కేంద్రం నిబంధన మార్చింది. పెళ్లి గురించి కూడా ధైర్యంగా చెప్పండి. అతని నుంచి కొడుకులకు ఇది వెళ్లదు. భార్య వైపు ఈ తేడా లేకపోతే కూతుళ్లు మీలాగే మోస్తారు, మీలాగే బాగా చూస్తారు.

పెద్దమ్మాయికి మీ నుంచి ఆ ఎక్స్ వచ్చి ఉండే అవకాశం సగం. వచ్చి ఉంటే, పుట్టే మగపిల్లాడికి మళ్లీ సగం. అంటే ఇవాళ లెక్కలో మగబిడ్డకు నాలుగింట ఒక వంతు. అల్లుడి చూపు బాగుంటే ఆడబిడ్డకు ఈ ఇబ్బంది రాదు. ఇది స్కానింగ్‌లో కనిపించేదీ కాదు, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం చట్టప్రకారం నేరం కూడా. నాలుగైదేళ్లు వచ్చాక కంటి డాక్టర్ చూస్తే సరిపోతుంది. వియ్యపురాలితో దాచకుండా ఇంతే చెప్పండి. దాస్తేనే అది పెద్ద జబ్బులా కనిపిస్తుంది.

మీ నాన్నగారిని అమ్మ కోతలో కేకలేసి కల్లంలోకి పంపేదన్నారు. అక్కడ ఆయన ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. కాయ ఆరిందో లేదో తెలియడానికి రంగు అక్కర్లేదు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజల గలగల వినిపిస్తుంది. ఈ తాతగారి సంగతి బాబుకు ఎప్పుడైనా చెప్పారా? చెప్పకపోతే, ఇద్దరూ బస్సెక్కి ఊరికి వెళ్లి అక్కడే చెప్పండి. అది వచ్చే ఆదివారమైనా ఫర్వాలేదు. నేను ముందు రాసిన ప్రశ్న మాత్రం ఈ రాత్రే అడగండి.