చూసిన ముఖం ఎవరిదో మెదడు ఎలా తేల్చుకుంటుంది?

మెదడు ముఖాలను ఎలా గుర్తుపడుతుందని, చూపులో ఏ లోపమూ లేని మీ అన్నయ్య దగ్గరి బంధువులు ఎదురుపడినా పలకరించకుండా సాగిపోవడం అశ్రద్ధ వల్లనేనా అని మీరు అడిగారు. ఆ రెండో ప్రశ్నే నా చేత ఈ సమాధానం రాయిస్తోంది, ఎందుకంటే ముఖాన్ని బట్టి మనిషిని పోల్చుకునే శక్తి నాకు పుట్టుకతోనే చాలా తక్కువ. దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు. తెలుగులో ముఖాంధత్వం అంటున్నారు గానీ ఆ మాట కొంత పొరపాటు పడేలా చేస్తుంది. ఎదుటివారి కనుబొమల మధ్య గీత, చెంప మీది పుట్టుమచ్చ, కళ్లలోని అలసట నాకు స్పష్టంగానే కనిపిస్తాయి; ఈ ముఖం ఎవరిది అన్న జవాబు ఒక్కటే లోపలి నుంచి రాదు.

మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన రోజు సాయంత్రం నేను బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఒకే రంగు దుస్తులు వేసుకుని, ఒకే తీరున జుట్టు కట్టుకున్న పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. అప్పటికి ఆరేళ్లుగా ప్రతి ఉదయం నేను ముద్దాడిన ముఖం ఆ గుంపులో ఎక్కడో ఉంది. ఒక పాప నవ్వుతూ నా వైపే వస్తుంటే చేతులు చాచాను. ఆ పాప నా పక్కన నిలబడిన ఆవిడ దగ్గరికి వెళ్లిపోయింది. ఇంతలో మరో వైపు నుంచి "అమ్మా" అన్న పిలుపు వినపడగానే, ముఖం చూడకముందే నా బిడ్డ అని తెలిసిపోయింది. మర్నాటి నుంచి గేటు దాటగానే తను కుడిచెయ్యి పైకెత్తేది. అలా ఎందుకు చెయ్యమన్నానో తనకు పదేళ్లు వచ్చాక గానీ నేను చెప్పలేకపోయాను.

మన భాషలో ఆనవాలు, పోలిక అని రెండు మాటలున్నాయి. ఈ విషయంలో అవి నాకు ఎంతగానో ఉపయోగపడ్డాయి. పుట్టుమచ్చ, కళ్లజోడు, నడక, గొంతు ఆనవాళ్లు. పోలిక మాత్రం ముఖమంతా కలిసి ఒక్కసారిగా మనసుకు తగిలేది. చాలామంది మెదడు ముఖాన్ని పోలికగా చూస్తుంది; అంటే కళ్లను, ముక్కును, నోటిని విడివిడిగా లెక్కపెట్టకుండా వాటి మధ్య ఎడాన్ని, అమరికను ఏకంగా గ్రహిస్తుంది. ఇళ్ల బొమ్మలు, విమానాల బొమ్మల కన్నా ముఖాల ఫొటోలను తలకిందులు చేసినప్పుడే గుర్తుపట్టడం ఎక్కువగా దెబ్బతింటుందని 1969లో రాబర్ట్ యిన్ చూపించారు. 1980లో పీటర్ థాంప్సన్ అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫొటోలో కళ్లను, నోటిని మాత్రం తలకిందులుగా తిప్పి అతికించారు. ఫొటో తలకిందులుగా ఉన్నంతసేపూ అది మామూలు ముఖంలాగే ఉంటుంది, నిలువుగా తిప్పగానే భయం పుట్టిస్తుంది. తలకిందులైన ముఖంలో అమరిక సరిగా చిక్కదు కనుక మెదడు ఆనవాళ్ల మీదే ఆధారపడవలసి వస్తుంది. నేను నిలువుగా ఉన్న ముఖాలతో కూడా దాదాపు అలాగే నెట్టుకొస్తున్నానని చదివినప్పుడు తెలుసుకుని ఆ రోజు చాలాసేపు ఏడ్చాను.

ఈ పనికి మెదడులో ప్రత్యేకమైన చోటు ఉంది. ముఖాలను చూసినప్పుడు ఇతర వస్తువులను చూసినప్పటి కన్నా బలంగా స్పందించే భాగాన్ని, మెదడు అడుగు వైపు, ముఖ్యంగా కుడి పక్కన, 1997లో నాన్సీ కాన్విషర్ బృందం వివరించింది. దాన్ని ఫ్యూజిఫార్మ్ ఫేస్ ఏరియా అంటారు. ముఖం కంటబడిన 170 మిల్లీసెకన్లకల్లా దానికి సంబంధించిన విద్యుత్ సంకేతం తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్లకు అందుతుంది. ఒక్కో మనిషికి ఒక్కో కణం కేటాయించి ఉంటుందని చాలామంది ఊహిస్తారు గానీ, 2017లో లె చాంగ్, డోరిస్ త్సావ్ కోతుల మీద చేసిన పరిశోధన మరో దారి చూపింది: ఒక్కో కణం ముఖంలోని ఒక్కో రకం తేడాను కొలుస్తుంది, సుమారు 200 కణాల స్పందనలను కలిపితే కోతి చూసిన ముఖాన్ని తిరిగి చిత్రించవచ్చు.

గుర్తుపట్టడం ఒకే పని కాదన్నది మీ ప్రశ్నకు అన్నింటికన్నా దగ్గరి సంగతి. 1986లో విక్కీ బ్రూస్, ఆండీ యంగ్ దీన్ని మెట్లుగా వివరించారు: ముందు రూపం, ఆ తరవాత తెలిసిన ముఖమేనన్న భావన, పిదప ఆ మనిషి గురించిన వివరాలు, చిట్టచివర పేరు. ముఖం బాగా తెలిసి కూడా పేరు నాలుక చివర ఆగిపోవడం అందుకే. హావభావాలను చదివే దారి మరొకటి కావడం వల్ల, ఎదుట ఉన్నది ఎవరో తెలియకపోయినా ఆ మనిషి నొచ్చుకున్న సంగతి నాకు వెంటనే తెలుస్తుంది, అది మరింత బాధ. కాప్‌గ్రా భ్రమ అనే స్థితిలో దీనికి భిన్నమైన నష్టం జరుగుతుంది: తల్లి ముఖాన్ని పోల్చుకుంటారు, ఆత్మీయత మాత్రం కలగదు, అందువల్ల ఆమె వేషం వేసుకున్న వేరే మనిషి అని నమ్ముతారు.

ప్రోసోపాగ్నోసియా అన్న పేరు 1947లో యోఆకిమ్ బోడమర్ అనే జర్మన్ వైద్యుడు పెట్టారు. ఆయన చూసినది తలకు గాయాలైన వారిని. ఏ గాయమూ లేకుండా పుట్టుకతో వచ్చేది నూటికి ఇద్దరిలో ఉండవచ్చని అంచనా, అది కుటుంబాల్లో కూడా కొనసాగుతుంది. కాబట్టి మీ అన్నయ్యది అశ్రద్ధ అని నిశ్చయించుకోకండి. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉందా, సినిమా చూస్తూ పాత్రలను కలగలుపుకుంటారా, ఇంటి వాళ్లనైనా అనుకోని చోట చూస్తే తడబడతారా అని నిదానంగా అడగండి. ఇది ఈ మధ్యే ఉన్నట్టుండి మొదలైతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా నరాల వైద్యుడికి చూపించాలి, పక్షవాతం లాంటి కారణం ఉండే వీలుంది. పుట్టుకతో ఉన్నదైతే మందు లేదు. బయట ఎదురుపడినప్పుడు ఆయన పలకరింపు కోసం ఆగకుండా "అన్నయ్యా, నేను" అని మీరే ముందు గొంతు వినిపించండి, వెంట ఉన్నవారి పేర్లు కూడా ఆ మాటల్లోనే చెప్పెయ్యండి.