బారెట్స్ తెల్లవాళ్ల జబ్బు అనుకుని బయాప్సీ మానేయవచ్చా?

మీకు 54 ఏళ్లు, పన్నెండేళ్లుగా పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట, పొట్ట కాస్త ఎక్కువ, సిగరెట్ అలవాటు ఉందని రాశారు. తిరుపతిలో చేసిన ఎండోస్కోపీ రిపోర్టులో 'బారెట్స్ అనుమానం' (అన్నవాహిక లోపలి పొర మారిపోయిందన్న అనుమానం) అని వచ్చింది. ఇది తెల్లవాళ్లకు వచ్చే జబ్బని నెట్‌లో చదివి, బయాప్సీ అవసరమా అని అడుగుతున్నారు. అవసరమేనండి. దయచేసి మానుకోవద్దు.

ఆరేళ్ల కిందట నా రిపోర్టులోనూ ఇదే మాట ఉంది. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మాది చిత్తూరు, వేలూరు దగ్గర కాబట్టి అక్కడికి వెళ్లి మళ్లీ చూపించుకున్నాను. అన్నవాహిక అడుగున ఎర్రగా నాలుకలా పైకి పాకిన చోట చిన్న చిన్న ముక్కలు తీశారు. ఏళ్ల తరబడి యాసిడ్ పైకి తన్నితే అక్కడి పొర మారిపోయి పేగు లోపలి పొరలా తయారవుతుందట, అదే బారెట్స్. నాకు అలాంటి కణాలు కనబడలేదు, వాపు మాత్రమే ఉంది. కంటితో చూసి అనుమానించడం వేరు, ముక్క తీసి తేల్చడం వేరు అని ఆ రోజు అర్థమైంది. ఒకవేళ నిజంగా బారెట్స్ అయినా, కణాల్లో డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందు కనిపించే మార్పు) లేకపోతే క్యాన్సర్‌గా మారేది ఏడాదికి 1000 మందిలో సుమారు ముగ్గురికే. 3 నుంచి 5 ఏళ్లకోసారి మళ్లీ చూస్తారు.

మీరు చదివింది అబద్ధం కాదు. అమెరికాలో తెల్లవారిలో బారెట్స్ ఎక్కువ, నల్లవారిలో బాగా తక్కువ. అయితే ఆ నల్లవారికి అన్నవాహిక క్యాన్సర్ రాదని కాదు. వాళ్లలో ఎక్కువగా కనిపించేది బారెట్స్‌తో సంబంధం లేని ఇంకో రకం, స్క్వేమస్ (అన్నవాహిక మామూలు పొర కణాల్లోనే పుట్టే క్యాన్సర్). మన దేశంలోనూ ఎక్కువ అదే. దానికి దారి యాసిడ్ కాదు, పొగాకు, సారా, వక్క. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను కూడా అనుమానిస్తారు. బారెట్స్ మనలో తక్కువ అని చదివి అన్నవాహిక మొత్తానికే భయం లేదనుకోవడం పొరపాటు.

ఇది మా మేనమామ విషయంలో కళ్లారా చూశాను. పలమనేరు వైపు సేద్యం, ముప్పై ఏళ్లు వక్కాకులో పొగాకు వేసుకుని నమిలాడు. ఒక్కరోజూ కడుపులో మంట అనలేదు. ఒకరోజు సంగటి ముద్ద అడ్డం పడింది. పిండి సరిగ్గా ఉడకలేదని మా అత్తను కోప్పడ్డాడు. తర్వాత పులుసు ఎక్కువ పోసుకోవడం మొదలుపెట్టాడు, ఆపైన ముద్ద మానేసి రాగి జావలోకి దిగాడు. చొక్కాలు వదులయ్యాయి. ఊళ్లో ఒక డాక్టరు నాలుగు నెలలు గ్యాస్ మాత్రలే ఇచ్చాడు. ఎండోస్కోపీ చేసేసరికి స్క్వేమస్ క్యాన్సర్ ముదిరి ఉంది. కీమో, రేడియేషన్ రెండూ ఇచ్చారు. ఆ నాలుగు నెలలు తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఈ రకం ముందుదశ మంట పెట్టదు. మామూలు వెలుగులో కంటికీ సరిగ్గా ఆనదు. అయోడిన్ ద్రావణం చల్లితే మంచి పొర గోధుమరంగుకు తిరుగుతుంది, చెడిన చోట రంగు పట్టదు. మీకు పొగాకు అలవాటు ఉంది కాబట్టి ఈ సంగతి డాక్టరుగారిని తప్పకుండా అడగండి.

ఇంకో మాట. అమెరికా డాక్టర్లు 2022లో ఇచ్చిన సూచనల్లో, చాలాకాలంగా యాసిడ్ బాధ ఉన్నవారికి వీటిలో కనీసం మూడు ఉంటే బారెట్స్ కోసం చూడమన్నారు: మగవారు కావడం, 50 దాటడం, తెల్లజాతి, పొగ అలవాటు, ఊబకాయం, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఈ జబ్బు ఉండటం. తెల్లజాతి అందులో ఒకటి మాత్రమే. అది తీసేసినా మీకు మగ, వయసు, సిగరెట్ మూడూ ఉన్నాయి.

సిగరెట్ ఈ వారమే ఆపండి. బయాప్సీ రిపోర్టులో డిస్‌ప్లేసియా ఉందా, మారిన పొర ఎన్ని సెంటీమీటర్లు అన్న రెండూ అడిగి రాయించుకోండి. ముద్ద దిగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా మర్నాడే వెళ్లండి.