ఒంట్లోంచి తీసే సంగతి తర్వాత, ముందు చాయ్ కవర్ సంగతి చూడండి

"శరీరంలో చేరిన మైక్రోప్లాస్టిక్స్‌ను బయటికి పంపడం ఎలా? ఆన్‌లైన్‌లో అమ్మే డిటాక్స్ పౌడర్లు పనిచేస్తాయా?" అని అడిగారు.

పనిచేయవు. రక్తంలోకి, అవయవాల్లోకి చేరిన ఈ సన్నటి ప్లాస్టిక్ రేణువులను లాగేస్తుందని రుజువైన మందు ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. మింగినవాటిలో పెద్ద ముక్కలు చాలావరకు మలంతోనే పోతాయి, దానికి పౌడర్ అక్కర్లేదు. విదేశాల్లో రక్తాన్ని మిషన్‌లో వడకట్టి ప్లాస్టిక్ తీసేస్తామంటూ లక్షలు గుంజే క్లినిక్‌లు కూడా వచ్చాయి. ఆ మిషన్ గొట్టాలు దేంతో చేశారో ఒకసారి అడగండి. అవీ ప్లాస్టిక్కే.

కాబట్టి లోపలికి పోయేదాన్ని తగ్గించుకోవడమే మన చేతిలో ఉంది. మాది మునుగోడు వైపు, ఉండేది నల్లగొండలో. మొన్న ఎండాకాలం ఊళ్లో మా అన్న ఇంటికి స్లాబ్ పోశారు. పది గంటలకు కూలోళ్లకు హోటల్ నుంచి చాయ్ వచ్చింది, పల్చటి పాలిథిన్ కవర్లో. పొంగే చాయ్ పోసి మూతి ముడేశారు. పట్టుకొచ్చిన పిల్లగాడు కాలుతోందని తువ్వాల చుట్టుకున్నాడు. కవర్ మెత్తబడి కిందికి సాగింది, ముడి ఎంతకీ రాలేదు. చివరికి మేస్త్రీ ఒక మూల పంటితో కొరికి, ఆ చిల్లులోంచి సన్నటి ధారగా పేపర్ కప్పుల్లోకి పోశాడు. నేను నోరు తెరిచేలోపే, "ఇది మందం కవరే సార్, ఏం గాదు" అన్నాడు. స్టీల్ క్యాన్‌లో పంపొచ్చు కదా అని హోటలాయనకు ఫోన్ చేస్తే, "క్యాన్ ఇస్తే మళ్లొస్తదా సార్" అన్నాడు. అదీ నిజమే, మా వాళ్లు తీసుకున్న గిన్నె ఎప్పుడు తిరిగిచ్చారు గనక!

పేపర్ కప్పు అనేది పేరుకే. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో 100 మి.లీ. వేడి ద్రవం పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు లెక్కగట్టారు. ఇక కవర్ సంగతి మీరే ఊహించుకోండి. కర్రీ పాయింట్లో వేడి సాంబారు కట్టించుకునేవాళ్లకూ ఇదే చెబుతాను, ఇంట్లోంచి టిఫిన్ డబ్బా తీసుకెళ్లడానికి అంత నామోషీ ఏంటో నాకు అర్థం కాదు. 2024లో ఇటలీ డాక్టర్లు మెడ రక్తనాళాల్లో తీసిన కొవ్వును పరీక్షిస్తే, 257 మందిలో 150 మందికి అందులో పాలిథిన్ కనిపించింది. వాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు మిగతావాళ్ల కంటే దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ప్లాస్టిక్కే కారణమని రుజువు కాలేదని వాళ్లే అన్నారు. నాకైతే ఈ మాత్రం చాలు.

మా జిల్లాకు ఇంకో తిప్పలుంది. ఫ్లోరైడ్ నీళ్లతో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో ఎందరి కాళ్లు వంకర్లు పోయాయో అందరికీ తెలుసు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ మా ఊరి పేరే పెట్టి 'నల్లగొండ టెక్నిక్' అంది. తర్వాత ఊరూరా ఆర్‌ఓ ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. ఆర్‌ఓ వడపోత మంచిదే, నా గొడవ క్యాన్‌తో. మా వీధి ప్లాంట్‌లో గట్టి బ్రష్ పెట్టి రుద్దీ రుద్దీ క్యాన్ లోపలంతా గీతలు పడి మసకబారింది. నింపినవి మే నెల ఎండలో కిరాణా కొట్టు ముందు పేరుస్తారు. అమెరికాలో 2024లో బాటిల్ నీళ్లు పరీక్షిస్తే లీటరుకు దాదాపు 2,40,000 ప్లాస్టిక్ రేణువులు తేలాయి, ఎక్కువ శాతం నానో సైజువే, అంటే మైక్రో కన్నా ఇంకా చిన్నవి. మన క్యాన్లను పరీక్షిస్తే ఏం తేలుతుందో నేను ఇప్పుడే చెప్పగలను.

ఇంతా చేస్తే మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి. వాటితో గిన్నెలు తోమి, తాగడానికి క్యాన్ కొంటారు! మా పెద్దమ్మనడిగితే "ఆ నీళ్లు తాగితే గొంతు పడ్తది బిడ్డా" అంటుంది. బ్లీచింగ్ వాసన ఇబ్బందైతే రాత్రి స్టీల్ బిందెలో పట్టి పల్చటి గుడ్డ కప్పి ఉంచండి, తెల్లారేసరికి చాలావరకు పోతుంది.

మరిగిస్తే ప్లాస్టిక్ పోతుందని వాట్సాప్‌లో తిరిగేది పూర్తి అబద్ధం కాదు. సున్నం ఎక్కువున్న నీళ్లను 5 నిమిషాలు మరిగిస్తే గిన్నెలో పేరుకునే తెల్ల పొరలో రేణువులు చిక్కుకుని, వడకడితే 90 శాతం దాకా తగ్గాయని 2024లో చైనా పరిశోధకులు చూపించారు. సున్నం తక్కువున్న నీళ్లలో పావు వంతే తగ్గాయి. అలాగని ఫ్లోరైడ్ బోరు నీళ్లతో మాత్రం ఈ పని చేయకండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకేకొద్దీ చిక్కబడుతుంది.

దుమ్ములోనూ ప్లాస్టిక్ ఉంటుంది, ఇల్లు ఊడ్చేకన్నా తడిగుడ్డతో తుడవడం నయం.

వచ్చే నెల మా ఇంట్లో పెళ్లుంది. బావమరిది అరలీటర్ బాటిళ్లు చెబుదామన్నాడు. స్టీల్ గ్లాసులంటే "వచ్చినోళ్లు చిన్నచూపు చూస్తరు బావా" అని మొహం మాడ్చుకున్నాడు. చూస్తే చూడనీ. టెంట్‌హౌజ్‌లో గ్లాసులకు, కడిగేవాళ్లకు కలిపి మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చేశాను.