ముస్లింలు కానివాళ్లు మక్కా మసీదు లోపలికి వెళ్లొచ్చా?

అమ్మానాన్నలతో చార్మినార్ చూడటానికి వస్తున్నామని, పక్కనే ఉన్న మక్కా మసీదులోకి మిమ్మల్ని రానిస్తారా, ఆడవాళ్లు వెళ్లొచ్చా అని అడిగారు. నిస్సంకోచంగా వెళ్లండి. టికెట్ లేదు. ఊరి నుంచి ఎవరొచ్చినా నేను తప్పకుండా తీసుకెళ్తాను.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది, పది గంటలకు వెళితే తెల్లవారుజాము నమాజుకీ మధ్యాహ్నం నమాజుకీ మధ్య ప్రశాంతంగా తిరగొచ్చు. గేటు దగ్గర బ్యాగులు చూస్తారు. 2007లో ఇక్కడ బాంబు పేలింది కదా, ఆ జాగ్రత్త అవసరమే. ఒళ్లు కప్పే బట్టలు, అమ్మకి తలమీద కొంగు చాలు. ఎండాకాలమైతే నాన్నగారికి సాక్సులు తీసుకెళ్లండి, చెప్పులు విప్పాక బండలు చుర్రుమంటాయి.

నమాజు చేసే హాలులోకి సాధారణంగా సందర్శకుల్ని పంపరు. దానికి నొచ్చుకోకండి, కమానుల దగ్గర నిలబడితే లోపలంతా కనిపిస్తుంది. అక్కడ ఫొటోలకంటే ముందు రాయిని చూడండి. చార్మినార్ మీది అలంకారం డంగుసున్నం పనితనం, ఇక్కడ గొప్పదనమంతా గ్రానైటుది. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టించిన ఈ మసీదు, గోల్కొండను జయించిన ఔరంగజేబు చేతుల్లో 1694లో పూర్తయింది. మధ్యలో, పని ఇంకా సాగుతుండగా చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, గోడలో నమాజు దిశను చూపే ప్రార్థన గూడుకి వాడిన ఒక్క బండను తవ్వి తీయడానికే అయిదారువందల మందికి అయిదేళ్లు పట్టిందనీ, లాగడానికి 1400 ఎడ్లు కావాల్సి వచ్చిందని తనకు చెప్పారనీ రాశాడు. ఈ మాట నేను అక్కడే నిలబెట్టి చెబుతాను. విన్నాక ఎవరైనా తలెత్తి ఇంకోసారి చూడాల్సిందే.

ఆవరణలోనే ఒక పక్క ఆసఫ్‌జాహీల, అంటే నిజాం వంశీకుల, పాలరాతి సమాధులున్నాయి. ఏడో నిజాం ఎక్కడని అందరూ వెతుకుతారు. ఆయన సమాధి ఇక్కడ లేదు, కింగ్ కోఠీ ఎదుట జూదీ మసీదులో ఉంది. మనవడు ముకర్రమ్ జాను మాత్రం 2023 జనవరిలో ఇక్కడే ఖననం చేశారు.

కొలను దగ్గర రాతి బల్ల ఉంటుంది. దానిమీద కూర్చున్నవాళ్లు మళ్లీ హైదరాబాద్ వస్తారని నమ్మకం. పెద్దవాళ్లను కాసేపు కూర్చోబెట్టండి, మోకాళ్లకూ విశ్రాంతి. మెట్రోలో వస్తే ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కండి, వాళ్లను అంత దూరం నడిపించొద్దు.